వాసన లేని దుప్పటి

ఆ వీధిలో లాండ్రీ ఎక్కడుందని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కు ఎటు తీసుకుపోతే అటు నడిస్తే చాలు. మలుపు దగ్గరే మొదలయ్యేది ఆ వాసన. పూలదని చెప్పడానికి లేదు, పండ్లదని చెప్పడానికీ లేదు. బ్లీచింగు ఘాటు మీద తీపి సెంటు కుమ్మరించినట్టు ఉండేది. గొంతుకి అంటుకుంటే ఎంత మింగినా దిగేది కాదు. ఆ సెంటు కలిపేది లాండ్రీ యజమానురాలు. వీధి వీధంతా ఆమెను సెంటమ్మ అనే పిలిచేది. ఆ పేరుకి ఆమె మురిసిపోయిందే తప్ప ఏనాడూ నొచ్చుకోలేదు.

"బట్ట తెల్లగా ఉంటే సరిపోదు. మడత విప్పగానే ఘుమ్మనాలి. అప్పుడే అది నా చేతి బట్ట," అనేది.

హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు మూటలు మూటలుగా వచ్చి పడేవి. ముందు గదిలో మడతల బల్ల, నడిమి గదిలో ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో గిర్రున తిరిగే యంత్రాలు, ఆ వెనక పెరడు, పెరట్లో తీగలు. కాపురం మేడ మీద. కింద పుట్టిన వాసనంతా మెట్లెక్కి పైకొచ్చి, మంచాల కింద, అలమారల్లో, అన్నం గిన్నెల్లో సర్దుకుని కూర్చునేది.

సెంటమ్మ సెంటు కలపడానికి కొలతంటూ లేదు. తొట్టెలో నీళ్ళు నింపి, డబ్బా వంచి, వంగి వాసన చూసేది. "ఇంకా పట్టలేదు," అని మళ్ళీ వంచేది. ముక్కుకి తగిలేదాకా వంచేది. ఆ మధ్య హోటలు నుంచి బట్టలు పట్టుకెళ్ళడానికి వచ్చినతను నీళ్ళు నమిలి నమిలి, "అమ్మా, కాస్త సెంటు తగ్గించండి. మా దగ్గర దిగినవాళ్ళు కిటికీలు తీసుకుని పడుకుంటున్నారు," అన్నాడు.

"మంచి వాసన భరించడానికీ పెట్టి పుట్టాలి నాయనా," అని అతన్ని సాగనంపింది.

కోడలు ఆ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. మాట తక్కువ మనిషి. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు. ఆమె నోట్లో నాలుక ఉందో లేదో తెలియాలంటే డాక్టరు టార్చి వేసి చూడాల్సిందే అని మడతల పిన్ని ఎగతాళి చేసేది. ముందు గదిలో దుప్పట్లు మడతపెట్టే ఆవిడే మడతల పిన్ని. సెంటమ్మకి వరసకి ఆడపడుచు, పనికి జీతగత్తె. చుట్టరికానికి నవ్వుతూ, జీతానికి నోరు మూసుకుంటూ నెట్టుకొస్తోంది.

కోడలిది ఇస్త్రీ పని. ఇస్త్రీ చేసేవాళ్ళకి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఎంత ఉతికినా కాలరు మడతలో, చంకల కుట్లలో పాత చెమట కొంచెం నక్కే ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ నిద్రపోతుంది. వేడి పెట్టె తగలగానే లేచి ఆవిరితో కలిసి ముఖం మీదకి వస్తుంది. ఎవరిదో మెడ, ఎవరిదో చంక. వాళ్ళెవరో తెలియదు, వాళ్ళ ఒంటి కంపు మాత్రం తెలుస్తుంది. దాని మీద సెంటమ్మ సెంటు. కోడలికి మొదట్నుంచీ అదంటే ఏవగింపే. ఊపిరి బిగబట్టి పెట్టె తోసి, పక్కకి తిరిగి గాలి పీల్చుకోవడం అలవాటు చేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. తిండి పెట్టే పనిని అసహ్యించుకుంటున్నానని చెప్తే ఎవరు మెచ్చుకుంటారు?

నెల తప్పి మూడో నెల వచ్చేసరికి ఆ ఉపాయం పనిచేయడం మానేసింది.

లోకమంతా ఒక్కసారిగా కుళ్ళినట్టయింది. కుళాయి నీళ్ళు ఇనుము వాసన. అన్నం ఉడుకుతుంటే తడిసిన గోనెసంచి వాసన. అరటిపండు తొక్క ఒలిస్తే దాని పీచు చూడగానే పండు దూరంగా నెట్టేసింది. మొగుడు అన్నం నములుతుంటే ఆ చప్పుడు చెవుల్లోంచి గొంతులోకి దిగి అక్కడ ఒక ముద్దలా నిలబడింది. తన నోట్లో ఊరే జిగురు నీళ్ళే తనకి పరమ రోత. మింగలేదు, ఉమ్మకుండా ఉండలేదు. ఒక చెంబు వెంట పెట్టుకుని తిరిగేది, దాంట్లోకి చూడకుండా ఉమ్మేది. తన నోరు తనదే అయినా అందులో ఉండబుద్ధి కాలేదు.

ఇక సలహాలు. కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, జనానికి నోరు ఊరుకోదు. రొట్టెల కొట్టామె "ఇద్దరి తిండి తినాలి" అంది. ఒక్కరి తిండే తిరిగొస్తుంటే రెండోది ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. బట్టలు కుట్టే ఆయన భార్య "వాంతులు ఎక్కువైతే బిడ్డకి జుట్టు ఒత్తుగా ఉంటుంది" అంది. ఎదురింటామె అప్పుడే చేపలు కడిగిన చెయ్యి తుడుచుకోకుండానే కోడలి కడుపు మీద వేసి, "ఇంకా గట్టిపడలేదు," అని తేల్చింది. ఆ తడి బట్ట దాటి చర్మానికి తగిలింది. కోడలు నవ్వినట్టు ముఖం పెట్టి, లోపలికి వెళ్ళి, ఉన్న పైత్యమంతా కక్కింది.

"నేను వీణ్ణి మోసినప్పుడు తొమ్మిది నెలలూ ఓ పక్క కక్కుతూ ఓ పక్క ఉతికాను," అనేది సెంటమ్మ కొడుకు వైపు చెయ్యి చూపిస్తూ. "ఏమయింది? గుండ్రాయిలా లేడూ?"

కొడుకు నిజంగానే గుండ్రాయిలా కూర్చుని ఉండేవాడు. పెళ్ళాం వాంతి చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "మంచినీళ్ళు తేనా?" అని అడిగేవాడు. తెచ్చేవాడు. ఆ నీళ్ళూ వచ్చేస్తే "వేవిళ్ళు అంతే," అని యంత్రాల దగ్గరికి పోయేవాడు.

సెంటమ్మ మటుకు చూస్తూ కూర్చునే రకం కాదు. కోడలు కక్కిన ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచేది. మంచం మీద దుప్పటి లాగేసి ఉతికింది పరిచేది. తుడిచే నీళ్ళలో ఒకటికి రెండింతలు సెంటు పోసేది. "కంపులో పడుకోబెడితే వాంతి రాక ఏమవుతుంది? మన ఇంట్లో కంపా?" అనేది. కోడలు ఆ కొత్త దుప్పటి మీద తల పెట్టేది. దిండులోంచి తీపి ఘాటు ముక్కు పుటాల్లోకి పాకేది. మళ్ళీ లేచి పరుగు. మళ్ళీ సెంటమ్మ, మళ్ళీ గుడ్డ, మళ్ళీ దుప్పటి. విసుక్కోకుండా చేసేది ముసలామె. అందుకే కోడలికి నోరు రాలేదు. అదీగాక, అన్నీ కుళ్ళినట్టున్నప్పుడు వాటిలో అసలు కుళ్ళు ఏదో ఎలా తెలుస్తుంది?

జాకెట్లు వదులయ్యాయి. చెంపలు లోపలికి పోయాయి. గుక్కెడు నీళ్ళు తాగినా నిమిషంలో పైకొస్తున్నాయి. మూత్రం తగ్గిపోయి, వచ్చిన కాస్తా టీ డికాషన్ రంగులో వస్తోంది. కోడలు అది చూసి అసహ్యించుకుని గబగబా నీళ్ళు పోసేసింది. ఇలాంటివి నోటితో ఎవరికి చెప్తారు, అనుకుంది. చెప్పాల్సింది సరిగ్గా అదేనని ఆమెకి తెలియదు.

ఒక పొద్దున ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మీద పెట్టె పెట్టింది. ఆవిరి లేచింది. కళ్ళ ముందు తెల్లదనం పరుచుకుంది. ముందు గదిలోకి కాలిన బట్ట వాసన వచ్చేసరికి మడతల పిన్ని వచ్చి చూసింది. పెట్టె చొక్కా మీద, కోడలు నేల మీద.

"వదినా, పిల్ల పడిపోయింది. ఇంక వేవిళ్ళు వేవిళ్ళని కబుర్లు చెప్పకు. బండి తియ్యమను వాణ్ణి," అని కేకేసింది.

సెంటమ్మ ముందు కోడలి ముఖం మీద నీళ్ళు చల్లి, తర్వాత చొక్కా చూసింది. కాలిన చొక్కా గురించి ఒక్క మాట కూడా అనలేదు. దాన్నిబట్టి ఆమె ఎంత బెదిరిపోయిందో తెలుసుకోవచ్చు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కోడలి చేతి మీద చర్మం పట్టి లాగి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు.

"నీళ్ళు ఆగుతున్నాయా?"

కోడలు లేదని తల ఊపింది.

"మూత్రం ఎలా వస్తోంది?"

కోడలు మొగుడి వైపు చూసి తల దించుకుంది.

"ఆయన్ని చూడకమ్మా. నన్ను చూసి చెప్పు."

"పొద్దున ఒక్కసారే. డికాషన్లా ఉంది."

డాక్టరమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"వేవిళ్ళే కదండీ, అందరికీ ఉండేవే. మా అమ్మ కూడా..."

"మీ అమ్మగారి సంగతి నేను అడగలేదు. పుట్టబోయే బిడ్డకి తండ్రి మీరా, మీ అమ్మగారా?" ఆమె గొంతు పెంచలేదు. "వికారం చాలామందికి ఉంటుంది. ఓ పూట తినకపోయినా కొంప మునగదు. తాగిన నీళ్ళు కూడా ఆగకపోతే, మూత్రం తగ్గి రంగు ముదిరితే, లేచి నిలబడితే కళ్ళు తిరిగితే, మనిషి బరువు పడిపోతుంటే, అది ఓర్చుకునే విషయం కాదు. ఆ రోజే తీసుకురావాలి. మీరేమో పడిపోయాక మోసుకొచ్చారు."

మొగుడు చేతులు నలుపుకున్నాడు. కోడలు ఆ చేతుల వైపు చూసింది. నీళ్ళల్లో నాని నాని తెల్లబడిన వేళ్ళు. ఉడికించిన మాంసంలా ఉన్నాయనిపించి ముఖం గోడవైపు తిప్పుకుంది.

సెలైన్ ఎక్కించారు, వాంతులు తగ్గడానికి మందు ఇచ్చారు. కడుపు మీద పరికరం పెట్టి చూసి, "గుండె కొట్టుకుంటోంది, భయపడకు," అన్నారు. కోడలు విని కళ్ళు మూసుకుంది. అన్ని రోజులుగా రోత పడుతూ మోస్తున్నదాని గుండె అది. దాని మీద ప్రేమ పుడుతుందేమోనని వెతుక్కుంది. అప్పటికైతే అలసటే దొరికింది.

మర్నాడు మెలకువ వచ్చేసరికి ఏదో తేడాగా ఉంది. ఏమిటో కాసేపు తెలియలేదు. దిండుకి వాసన లేదు. దుప్పటి గరుగ్గా ఉంది, అంచులు చిరిగి ఉన్నాయి, ఉత్త నూలు బట్టలా ఉంది తప్ప దానికి ఇంకే వాసనా లేదు. నర్సు ఎండు రొట్టె ముక్క ఇచ్చి, "లేవకముందే కొంచెం కొంచెం కొరుకు. ఒకేసారి మింగెయ్యకు. నీళ్ళు తర్వాత, గుక్క గుక్కగా," అంది. కోడలు కొరికింది. నమిలింది. మింగి, చేత్తో మంచం అంచు పట్టుకుని ఎదురుచూసింది. రొట్టె లోపలే ఉండిపోయింది. ఒక బిస్కెట్టు తింది. అదీ ఉండిపోయింది. మధ్యాహ్నం చల్లారిన ఆలుగడ్డ ఉప్పు అద్దుకుని తింది. వేడి వేడిగా పొగలు కక్కే తిండికంటే చల్లారినది మేలని, వాసన తక్కువని నర్సు చెప్పింది. అన్ని నెలల సలహాల్లో కడుపులో నిలబడిన సలహా అదొక్కటే.

సాయంత్రం మొగుడు మూట పట్టుకుని వచ్చాడు. అతనికంటే ముందు వాసన వచ్చింది.

"ఇక్కడి దుప్పటి గరుగ్గా ఉంటుందని అమ్మ నీకోసం ప్రత్యేకంగా ఉతికి పంపింది," అంటూ విప్పి ఆమె మీద కప్పాడు.

పక్క మంచం మీదామె ముక్కు మూసుకుంది. కోడలు గిన్నె అందుకునేలోపే ఆలుగడ్డ, బిస్కెట్టు, పొద్దుటి రొట్టె, అన్నీ ఆ ప్రత్యేకమైన దుప్పటి మీదకి వచ్చేశాయి.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏంటండీ ఈ కంపు? ముందు దాన్ని మూటకట్టి బయట పెట్టండి. మీరూ బయటే నిలబడండి, మీ బట్టలు కూడా అదే వాసన."

"ఏం వాసన?" అన్నాడతను. భుజం దగ్గర చొక్కా లాక్కుని వాసన చూశాడు. "నాకేం రావట్లేదే."

వెటకారంగా అనలేదు. నిజంగానే రావట్లేదు. అతని ముఖంలోకి చూస్తుంటే కోడలికి అంతా తేటపడింది. అత్త తొట్టె మీద వంగి ఇంకా పట్టలేదు, ఇంకా పట్టలేదు అంటూ డబ్బా వంచడం గుర్తొచ్చింది. బ్లీచింగులో ఏళ్ళకేళ్ళు గడిపిన ముక్కులు అవి. చచ్చిన ముక్కుకి తగిలేదాకా పోసిన సెంటులో తను మూడు పూటలా మునుగుతోంది. ఆ ఇంట్లో వాసన తెలిసేది తనొక్కదానికే.

ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ అన్నీ మళ్ళీ చెప్పింది. కడుపు ఖాళీగా ఉంచొద్దు, గంటకోసారి చిన్న ముక్క చాలు. మందు చెప్పినట్టు వేసుకోవాలి, షాపులో అడిగి సొంతంగా కొనొద్దు. ఏ వాసన పడదో దాని దగ్గరికి వెళ్ళొద్దు. చివర్లో కళ్ళజోడు తీసి, "మళ్ళీ ఇలాగే వస్తే కష్టమమ్మా. నీ ఒంట్లో తగ్గడానికి ఇంకేమీ మిగల్లేదు. బిడ్డకి కావాల్సింది కూడా నీ ఒంట్లోంచే రావాలి," అంది.

బయటికి వస్తూ కోడలు మొగుడితో అంది. "నాకు పడనిది అత్తయ్య సెంటు. మీరు చెప్పండి."

అతను నడక ఆపాడు. "నేనా? నేను చెప్తే పెళ్ళాం మాట పట్టుకుని వచ్చానంటుంది. నువ్వే మెల్లిగా చెప్పు. ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ అయితే బాగుంటుంది."

కోడలు అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. కక్కడానికి కడుపులో ఏమీ లేక ఊరుకుంది.

వీధి మలుపు దగ్గరే తెలిసిపోయింది, సెంటమ్మ వాళ్ళకోసం ఎదురుచూస్తోందని. ఎన్నడూ లేనంత ఘాటు. దగ్గరికి వెళ్తే గుమ్మం కడిగి ఉంది, కిటికీ తెరలు మార్చి ఉన్నాయి. మేడ మీద పక్క సర్ది, ఇల్లంతా రెండుసార్లు తుడిచి, నడుం పట్టుకుని నవ్వుతూ గుమ్మంలో నిలబడి ఉంది సెంటమ్మ.

"రామ్మా. ఒక్క చుక్క మురికి లేకుండా చేశాను. హాయిగా పడుకుందువుగాని."

కోడలు వీధిలోనే ఆగిపోయింది. నోట్లో నీళ్ళూరడం మొదలైంది. తడి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నేను లోపలికి రాలేను అత్తయ్యా."

"అదేం మాట?"

"మీ సెంటు నాకు పడట్లేదు. దాని వల్లే నాకు ఏదీ ఆగట్లేదు. ఆస్పత్రిలో వాసన లేని దుప్పటి మీద పడుకుంటే తిన్నది తిన్నట్టు ఆగింది." అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పేసింది. "మళ్ళీ లోపలికొస్తే మళ్ళీ ఆస్పత్రే. ఈసారి బిడ్డ దక్కుతుందో లేదో."

సెంటమ్మ ముఖం పాలిపోయింది. "అంటే నా ఇల్లు కంపు కొడుతోందంటావు."

"కంపే అత్తయ్యా."

వీధిలో ఒకరిద్దరు ఆగారు. మొగుడు చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఊరంతా ఘుమఘుమ అంటుంటే నా కోడలికి కంపయింది," అంది సెంటమ్మ. "నువ్వు చెప్పవే ఆడపడుచూ, పదేళ్ళుగా ఇక్కడే పడున్నావు. ఇది కంపా?"

మాటలు విని గుమ్మంలోకి వచ్చిన మడతల పిన్ని చేతిలో దుప్పటిని మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పింది. "నాకైతే రోజూ మధ్యాహ్నానికి తలనొప్పి వదినా. జీతమిచ్చే మనిషివి, మొహం మీద ఎలా చెప్పను? ఇంటికెళ్ళి నా మనవడిని ఎత్తుకుంటే వాడు ముక్కు మూసుకుంటాడు."

సెంటమ్మ ముందు గదిలోకి వెళ్ళింది. మడతల బల్ల మీది దిండు గలీబు తీసి ముఖానికి అదుముకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. లోపలికి వెళ్ళి సెంటు డబ్బా తెచ్చి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆఖరికి బ్లీచింగు డబ్బా మీద వంగింది. పిన్ని చెయ్యి పట్టి వెనక్కి లాగితే గానీ లేవలేదు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కుకి మాత్రం ఏమీ తెలియలేదు.

"ఎప్పుడు పోయిందో," అంది తనలో తనే. "చూసుకోనేలేదు."

తర్వాత ముఖం తుడుచుకుని కొడుకు మీద పడింది. "నీకు తెలిసి కూడా నోరు మెదపలేదు కదరా. గుండ్రాయీ. పెరటి చివర సామాన్ల గది ఖాళీ చెయ్. మంచం అక్కడ వెయ్. ఉత్త నీళ్ళతో కడుగు, నీ పెళ్ళాం బాగుందనేదాకా కడుగు. ఇస్త్రీ బల్ల దగ్గర రేపట్నుంచి నువ్వు నిలబడు, జనం చంకల కంపేంటో నీకూ తెలియాలి." కొడుకు ముక్కుకీ ఏ వాసనా తెలియదని పిన్నికి గుర్తొచ్చి నవ్వు వచ్చింది, దగ్గులో కలిపేసింది.

కోడలు పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి గోడవారన కూర్చుంది. సెంటమ్మ ఒక పాత దుప్పటిని సెంటూ సబ్బూ లేకుండా నీళ్ళలో జాడించి తెచ్చి, చెయ్యంత దూరాన నిలబడి చాచింది.

"ఉందా?"

"ఉంది."

మళ్ళీ జాడించుకొచ్చింది. "ఇప్పుడు?"

"ఇంకా కొంచెం."

సెంటమ్మ గొణుక్కుంటూ తొట్టె నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పట్టి, చేతులు ఎర్రబడేలా పిండింది. ఈసారి కోడలు దుప్పటి అంచు పట్టుకుని ముక్కుకి ఆనించుకుంది. తడి నూలు, అంతే.

"లేదు."

"ఇదీ ఒక ఉతికిన బట్టేనా," అంది సెంటమ్మ అసహ్యంగా, తీగ మీద వేస్తూ. "దీనికి పేరూ లేదు ఊరూ లేదు."

దుప్పటి ఎండుతుంటే పిన్ని చల్లారిన ఆలుగడ్డ, ఉప్పు తెచ్చి కోడలి ముందు పెట్టి వెళ్ళింది. సెంటమ్మ పెరటికి ఆ చివర, తీగల అవతల, ఒక తొట్టె బోర్లించుకుని కూర్చుంది. కోడలు ఒక ముక్క కొరికింది. ఆలుగడ్డ నాలుక మీద పిండిపిండిగా, రోతగానే ఉంది. మింగింది. కాసేపాగి ఇంకో ముక్క.

"ఆగిందా?" అని ఆ చివరి నుంచి కేక.

కోడలు అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని చూసుకుంది. "ఆగింది."

సెంటమ్మ లేచింది. రెండడుగులు ఇటు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తన మోచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. ఏమీ తెలియలేదు. వెనక్కి వెళ్ళి తొట్టె మీద కూర్చుంది.